మెన్సా బల్ల మీద సాక్సనీ: ఒక విశ్వవిద్యాలయ భోజనశాలపై సమీక్ష

జర్మనీ తూర్పు భాగంలోని సాక్సనీ రాష్ట్రంలో స్నాతకోత్తర విద్య కోసం గడిపిన 5 సెమిస్టర్లలో నేను వారానికి కనీసం 4 రోజులు మధ్యాహ్న భోజనం మా విశ్వవిద్యాలయపు మెన్సాలోనే చేశాను. మెన్సా అంటే లాటిన్ భాషలో బల్ల. విద్యార్థుల భోజనశాలకు జర్మన్లు పెట్టుకున్న పేరు అదే. రుచి మాటకొస్తే ఆ భోజనశాలకు నడిమి రకం మార్కులే వేస్తాను, ధర మాటకొస్తే చాలా ఎక్కువ వేస్తాను. కానీ ఎరగని దేశపు తిండినీ, ఆ తిండి వెనక ఉన్న ఆచారాన్నీ కొత్తగా వచ్చిన విద్యార్థికి పరిచయం చేసే చోటుగా చూసినప్పుడు, మేము రాగానే మా కోసం జరిపిన స్వాగత కార్యక్రమాలు గానీ నగర సందర్శనలు గానీ దాని దరిదాపుల్లోకి రావు. అయితే ఆ పరిచయం అడిగినవారికే దక్కుతుంది. అడగనివారికి అది ఒక పళ్ళెం ఉడికిన బంగాళాదుంపలుగానే మిగిలిపోతుంది. ఈ మెన్సా గొప్పతనమూ లోపమూ రెండూ అక్కడే ఉన్నాయని నా అభిప్రాయం, కాబట్టి వంటల రుచి కంటే వాటి చుట్టూ ఉన్న విషయాలకే ఇక్కడ ఎక్కువ చోటు ఇస్తున్నాను.

జర్మనీలో మెన్సాలను సాధారణంగా విశ్వవిద్యాలయాలు నేరుగా నడపవు. ష్టుడీరెండెన్‌వెర్క్ అనే విద్యార్థి సంక్షేమ సంస్థలు నడుపుతాయి. విద్యార్థి వసతి గృహాలు కూడా వాటి చేతిలోనే ఉంటాయి. మొదటి ప్రపంచ యుద్ధం తరువాతి కరువు రోజుల్లో విద్యార్థులు తమకు తామే సాయం చేసుకునేందుకు మొదలుపెట్టిన ప్రయత్నాలకు 1921లో ట్యూబింగెన్ నగరంలో దేశవ్యాప్త సంఘం ఏర్పడింది. నేటి ఏర్పాటుకు మూలం అదే. ప్రతి సెమిస్టరుకూ మనం కట్టే రుసుములో ఒక భాగం ఈ సంస్థకు చేరుతుంది. అందుకే బోర్డు మీద ఒకే వంటకు మూడు ధరలు కనిపిస్తాయి: విద్యార్థికి ఒకటి, ఉద్యోగికి ఒకటి, బయటి అతిథికి ఒకటి. నేను ఉన్న కాలంలో నా పళ్ళెం చాలా రోజులు 3 యూరోలకు కాస్త అటూ ఇటూగా అయ్యేది. విద్యార్థి ధర పొందాలంటే కార్డు తీసుకుని, ద్వారం పక్కనున్న యంత్రంలో అందులో డబ్బు నింపుకోవాలి. ఈ సంగతి ముందుగా తెలియక మొదటి రోజు నేను అతిథి ధర కట్టి తిన్నాను.

కౌంటర్ దగ్గర మనను మొట్టమొదట తికమక పెట్టేది వంట కాదు, వంట పేరు కింద వరుసగా ఉండే అంకెలూ అక్షరాలూ. ఐరోపా సమాఖ్య 2011లో చేసి, 2014 డిసెంబరు నుంచి అమలు చేస్తున్న నియమం ప్రకారం గోధుమ, పాలు, గుడ్డు, ఆవాలు, నువ్వులు, వేరుసెనగ వంటి 14 రకాల అలర్జీ కారకాలలో ఏది వంటలో ఉన్నా తెలపాలి. దానికి తోడు రంగులూ నిల్వ పదార్థాలూ విడిగా సూచించాలి. మా మెన్సాలో వీటితో పాటు పంది, ఆవు, కోడి, చేప బొమ్మలూ, శాకాహారానికి ఒక గుర్తూ, పాలు కూడా లేని వంటకు మరొక గుర్తూ ఉండేవి. గొడ్డుమాంసం, పందిమాంసం తినని నాకు ఈ బొమ్మలు ఎంత ధైర్యం ఇచ్చాయో మాటల్లో చెప్పలేను. భాష రాని మొదటి రెండు నెలలు నేను మెన్సాలో బొమ్మలు చూసే తిన్నాను.

ఆ ధైర్యం ఒక రోజు దెబ్బతిన్నది. ప్రధాన వంటకు ఉన్నంత జాగ్రత్తగా పక్క వంటల అరలో గుర్తులు పెట్టేవారు కాదు. అక్కడ చిక్కుడు జాతి పచ్చి కాయలను వెన్నలో వేయించి పెట్టారు. కూరగాయే కదా అని తీసుకుని సగం తిన్నాక, మధ్యలో చిన్న చిన్న గులాబీ రంగు ముక్కలు కనిపించాయి. అవి ష్పెక్, అంటే ఉప్పుపట్టి పొగబెట్టిన పంది కొవ్వు. జర్మన్ వంటలో మనం తిరగమోత పెట్టినట్టు, కాయలలోనూ వేయించిన బంగాళాదుంపలలోనూ పప్పు పులుసులోనూ రుచి కోసం దానిని వేస్తారు; వండేవారి దృష్టిలో అది మాంసపు వంట కాదు, కూరకు వేసిన పోపు. ఆ రోజు నాకు కలిగిన బాధ తక్కువది కాదు. మర్నాడు కౌంటర్‌లోని పెద్దావిడకు, నాకు వచ్చిన కొద్దిపాటి జర్మన్‌లో సంగతి చెప్పాను. ఆవిడ తేలిగ్గా తీసిపారేయలేదు. అప్పటి నుంచి నేను వరుసలోకి రాగానే, "ఇవాళ ఈ కూరలో ఉంది, మీరు ఆ రెండో గిన్నెలోది తీసుకోండి" అని తానే చెప్పేది. కానీ గుర్తులు లేని ఆ అర మాత్రం నేను చదువు ముగించే దాకా అలాగే ఉంది. శాకాహారులు ఇంకో సంగతి కూడా గమనించాలి: పెరుగులాంటి తీపి పదార్థాలలో గట్టిపడటం కోసం జెలటిన్ కలుపుతారు, అది జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది. శాకాహారపు గుర్తు లేని తీపి పదార్థాన్ని చూసి అచ్చుతప్పు అనుకోకండి.

ఇక వంటలు. సాక్సనీలో నాకు అన్నిటికన్నా అపరిచితంగా తోచింది మాంసం కాదు, మధ్యాహ్నం పూట పూర్తి భోజనంగా పెట్టే తీపి. బియ్యాన్ని పాలలో మెత్తగా ఉడికించి, పైన పంచదార కలిపిన దాల్చినచెక్క పొడి చల్లి, పక్కన పుల్లని చెర్రీ పళ్ళు వేసి ఇచ్చే మిల్ష్‌రైస్‌ను మొదటిసారి చూసినప్పుడు, ఇది భోజనం చివర తినే పరమాన్నం లాంటిది కాబోలు అనుకుని, అసలు భోజనం ఎక్కడ ఉందని అడిగాను. అదే భోజనం అన్నారు. పండుగనాడు దేవుడి ముందు పెట్టాక కాస్త చేతిలో వేసుకునే పదార్థాన్ని మంగళవారం మధ్యాహ్నం గిన్నెడు తిని తరగతికి వెళ్ళడం నాకు చాలా కాలం మింగుడుపడలేదు.

అదే వరుసలోది క్వార్క్‌కొయిల్‌షెన్. ఇది సాక్సనీ సొంత వంట. ఉడికించి చిదిమిన బంగాళాదుంపలో క్వార్క్, పిండి, గుడ్డు కలిపి, చిన్న చిన్న అట్లుగా వత్తి, రెండు వైపులా ఎర్రగా కాలుస్తారు. ఆపిల్ పళ్ళ గుజ్జుతో తింటారు. క్వార్క్ అనేది పెరుగూ కాదు, పనీరూ కాదు. పులిసిన పాలను గుడ్డలో వడకట్టితే మిగిలే మెత్తటి తెల్లని ముద్దను ఊహించుకుంటే దానికి దగ్గరగా ఉంటుంది. బంగాళాదుంపను తీపితో తినడమనే ఆలోచనే నాకు రుచించక, మొదటి ఏడాదంతా ఆ వంట ఉన్న రోజున వేరే వరుసలో నిలబడ్డాను. రెండో ఏడాది ఒక చలి రోజున వేరేవన్నీ అయిపోవడంతో తప్పనిసరై తీసుకున్నాను. అంచులు కరకరలాడుతూ, లోపల మెత్తగా, పుల్లని ఆపిల్ గుజ్జు తగలగానే తీపి అణిగి ఉన్న ఆ వంట, ఈ భోజనశాలలో నేను తిన్నవాటిలో అత్యుత్తమమైనదని ఇప్పుడు నిస్సంకోచంగా చెబుతున్నాను.

సాక్సనీ తూర్పు అంచున, సోర్బ్ జాతి ప్రజలు నివసించే లౌజిట్స్ ప్రాంతం నుంచి వచ్చిన మరో భోజనం ఉంది: తొక్కతో ఉడికించిన బంగాళాదుంపలు, ఉల్లికాడలు కలిపిన క్వార్క్, పైన అవిసె నూనె. మూడే వస్తువులు, మసాలా లేదు. సోర్బులు స్లావ్ భాష మాట్లాడే చిన్న జనసమూహం. వారి ముఖ్య పట్టణమైన బౌట్సెన్‌లో వీధుల పేర్లు రెండు భాషల్లో రాసి ఉంటాయి. అవిసె నూనె త్వరగా చేదెక్కుతుంది కనుక తాజాగా ఆడించినదాన్ని చిన్న సీసాలలోనే కొనుక్కుంటారని నాకు చెప్పింది లౌజిట్స్ నుంచే వచ్చిన ఒక సహాధ్యాయిని. మెన్సాలో పోసే నూనె కొన్ని రోజులు చేదుగా ఉండేది. ఆమె మొదటి ముద్దకే పసిగట్టి పళ్ళెం పక్కకు నెట్టేది. మన ఇళ్ళలో నెయ్యి కాగిన వాసనను బట్టి మంచిచెడ్డలు చెప్పే పెద్దవాళ్ళు నాకు గుర్తుకొచ్చేవారు. పప్పు విషయంలో మాత్రం నేను రాజీ పడలేకపోయాను. ఇక్కడ ముదురు రంగు మసూర్ గింజలను క్యారెట్టు, బంగాళాదుంపలతో ఉడికించి, చివర వెనిగరూ పంచదారా కలిపి తీపి పులుపుగా వడ్డిస్తారు. పప్పులో పులుపు మనకు కొత్త కాదు, చింతకాయ, మామిడికాయ వేసుకునేవాళ్ళమే. అయినా పోపూ కారమూ లేని ఆ తీపిని నేను ఇష్టపడటం నేర్చుకోలేకపోయాను.

ఈ భోజనశాలలో నేను అన్నిటికంటే విలువైనదిగా భావించేది దాని బోర్డు మీద కనిపించే సంవత్సర చక్రం. ఏప్రిల్ నడుమ నుంచి తెల్ల ష్పార్గెల్, అంటే ఆస్పరాగస్ అనే మొక్క మొలకల కూర, వస్తుంది. మొలకకు వెలుతురు తగలకుండా మట్టి కట్టలు పోసి పెంచడం వల్ల అది పచ్చగా మారదు. జూన్ 24న, యోహాను పండుగతో కోత ఆపేస్తారు. మొక్కకు మరుసటి ఏటికి బలం కూడదీసుకునే వ్యవధి ఇవ్వడానికి అలా చేస్తారు. ఆ తరువాత స్థానికమైన ష్పార్గెల్ మళ్ళీ వసంతం దాకా బోర్డు మీద కనపడదు. ఈస్టరుకు ముందు గురువారానికి జర్మన్‌లో ఉన్న పేరులో పచ్చదనాన్ని సూచించే మాట ఉంది, ఆ రోజు పాలకూర, గుడ్డు, బంగాళాదుంప పెడతారు. నవంబరు 11 సెయింట్ మార్టిన్ పండుగ. ఆ రోజుల్లో ఎర్ర క్యాబేజీ, బంగాళాదుంప ఉండలతో బాతు మాంసం ఉంటుంది, ధర కూడా మామూలు కంటే ఎక్కువే. ఈ పండుగల వెనకనున్న కథలను బోర్డు చెప్పదు. ధర, అలర్జీ అంకెలు, అంతే.

ఒక నవంబరు బుధవారం మెన్సాకు వెళితే తలుపులు మూసి ఉన్నాయి. దుకాణాలూ మూసి ఉన్నాయి. పక్క రాష్ట్రంలో చదువుతున్న స్నేహితుడికి ఫోన్ చేస్తే అక్కడ అన్నీ మామూలుగానే తెరిచి ఉన్నాయన్నాడు. అది ప్రొటెస్టెంట్ క్రైస్తవుల పశ్చాత్తాప, ప్రార్థనా దినం; నవంబరు 23కు ముందు వచ్చే బుధవారం. వృద్ధుల, రోగుల సంరక్షణ బీమాకు యజమానులు పెట్టే ఖర్చుకు పరిహారంగా ఒక పనిదినం కలిసొచ్చేలా 1995లో మిగిలిన రాష్ట్రాలన్నీ ఆ సెలవును రద్దు చేసుకున్నాయి, సాక్సనీ ఒక్కటే అట్టేపెట్టుకుంది. కొత్తగా వచ్చేవారు ఈ తేదీని ముందే రాసుకుని, మంగళవారం సాయంత్రమే బ్రెడ్డూ కూరగాయలూ కొని పెట్టుకోవడం మంచిది.

డిసెంబరులో ఈ మెన్సా తన మంచి రూపంలో కనిపిస్తుంది. కాఫీ కౌంటర్ దగ్గర ష్టోలెన్ ముక్కలు పెడతారు. ఎండుద్రాక్ష, బాదం, నారింజ తొక్కల మురబ్బా, బోలెడంత వెన్న వేసి చేసే ఈ బరువైన రొట్టెను పైన పంచదార పొడితో తెల్లగా కప్పుతారు. గుడ్డల్లో చుట్టిన శిశువు యేసుకు అది గుర్తు అంటారు. డ్రెస్డెన్ నగరం దీనికి ప్రసిద్ధి. అక్కడి క్రిస్మస్ సంతకు సంబంధించిన ఆధారం 1434 నాటిది, ఆ సంతకు ఉన్న ష్ట్రీట్‌సెల్ అనే పేరు కూడా ఈ రొట్టె పాత పేరే. క్రిస్మస్‌కు ముందరి ఆ వారాలు పూర్వం ఉపవాస కాలం కావడంతో వెన్న వాడకూడదనే చర్చి నిషేధం ఉండేది, నూనెతో చేసిన రొట్టె రుచీ పచీ లేకుండా ఉండేది. 1491లో పోప్ ఎనిమిదో ఇన్నోసెంట్ రాసిన ఉత్తరంతో వెన్నకు అనుమతి దొరికింది. ఆ అనుమతి రాకపోయి ఉంటే నేను తిన్న ముక్క ఈ రుచిలో ఉండేది కాదు. చేసిన వెంటనే తినకుండా కొన్ని వారాలు చల్లటి చోట ఉంచడం, అంచు నుంచి కాకుండా నడిమి నుంచి కోసి మిగిలిన రెండు సగాలనూ మళ్ళీ దగ్గరకు జరిపి ఆరిపోకుండా చూడటం ఇళ్ళలో పాటించే పద్ధతులు. మన ఇంట్లో ఆవకాయ జాడీ విషయంలో ఉండే శ్రద్ధ వారికి ఈ రొట్టె విషయంలో ఉంటుంది.

ఈ సంగతులలో ఏ ఒక్కటీ నాకు మెన్సా చెప్పలేదు. బల్ల ఎదురుగా కూర్చున్నవారు చెప్పారు. మెన్సాలో మధ్యాహ్నం పన్నెండింటికి ఖాళీ బల్ల దొరకడం కష్టం, కనుక ఎవరో కూర్చున్న బల్ల దగ్గరకే వెళ్ళి ఇక్కడ చోటు ఉందా అని అడిగి కూర్చోవాలి. అడగకుండా కూర్చోవడం అమర్యాద. అడిగి, కూర్చుని, ఏమీ మాట్లాడకుండా తినడం అమర్యాద కాదు. అందరి పళ్ళేలూ వచ్చేదాకా ఆగి, "గూటెన్ అపెటీట్", అంటే ఇష్టంగా తినండి, అని ఒకరికొకరు చెప్పుకుని మొదలుపెడతారు. మధ్యాహ్నం నడవాలో ఎదురైనవారు "మాల్‌ట్సైట్" అంటారు. భోజనం అని దాని అర్థం, ఆ వేళకు అదే పలకరింపు. తినడం అయ్యాక కత్తీ ఫోర్కూ పళ్ళెంలో పక్కపక్కనే పెట్టాలి, ట్రేను కదిలే పట్టీ మీద స్వయంగా ఉంచి రావాలి. చేత్తో తినవచ్చా అని మీరు అడగవచ్చు. ఎవరూ ఆపరు, కానీ అక్కడి వంటలు చేతికి అనువుగా ఉండవు, రెండు వారాల్లో కత్తి పట్టుకోవడం అలవాటైపోతుంది.

అలా బల్ల పంచుకోవడంతోనే ఎర్ట్స్‌గెబిర్గె కొండల నుంచి వచ్చిన ఒక సహాధ్యాయితో పరిచయమైంది, అతని ఇంటికి క్రిస్మస్ ముందు రాత్రి భోజనానికి పిలుపు వచ్చింది. వెండి, తగరం గనులతో బతికిన ఆ కొండ సీమలో డిసెంబరంతా ప్రతి కిటికీలోనూ విల్లులా వంగిన కొయ్య దీపపు తోరణం వెలుగుతుంది. సూర్యుణ్ణి చూడకుండా గనిలో గడిపిన మనుషులకు వెలుతురు మీద ఉన్న ఆపేక్ష అందులో ఉందని వారు చెబుతారు. ఆ రాత్రి భోజనం పేరు నొయ్‌నర్‌లై, అంటే తొమ్మిది రకాలు. బంగాళాదుంప ఉండలు పెద్ద డబ్బు కోసం, మసూర్ గింజలు చిల్లర డబ్బుకు లోటు రాకుండా ఉండటం కోసం, ఇలా ప్రతి రకానికీ ఒక కోరిక ఉంటుంది. పళ్ళెం కింద నాణెం పెట్టారు, బల్లగుడ్డ కింద గడ్డి పరిచారు. భోజనం ముగిసే దాకా ఎవరూ బల్ల దగ్గర నుంచి లేవకూడదు, అన్నిటినీ రుచి చూడాలి. తొమ్మిదింటిలో పంది సాసేజ్ కూడా ఉంది. నేను ఇబ్బంది పడుతుండగానే ఆ ఇంటి నానమ్మగారు నా పళ్ళెంలో దాని బదులు ఒక రొట్టె ముక్క ఉంచి, "మీకు లెక్క సరిపోయింది" అన్నారు. ఉగాది పచ్చడిలోని ఆరు రుచుల గురించి నేను చెబితే, వేప పువ్వు ఎందుకు వేస్తారని ఆవిడ రెండుసార్లు అడిగి తెలుసుకున్నారు. మెన్సాలో నాకు మింగుడుపడని మసూర్ పప్పును ఆ రాత్రి పూర్తిగా తిన్నాను.

లోపాలు ఇంకొన్ని ఉన్నాయి. మా మెన్సా మధ్యాహ్నం రెండున్నరకు మూసేస్తుంది. రాత్రి వేడి భోజనం ఆశించి వెళ్ళేవారికి నిరాశే. జర్మన్ ఇళ్ళలో రాత్రిపూట రొట్టె, జున్ను, ఊరబెట్టిన దోసకాయలతో చల్లటి భోజనం చేసే అలవాటు ఉన్నందున వారికి అది లోటుగా తోచదు. సెమిస్టరు సెలవుల్లో వరుసలు తగ్గి, రోజూ రెండే రకాలు ఉంటాయి. అప్పుడప్పుడూ భారతీయ వంట అని రాసి పెట్టే కొబ్బరిపాలు, అనాస ముక్కల కూరను మాత్రం తీసుకోవద్దని గట్టిగా చెబుతాను. ఇంటి మీద బెంగతో అటు నడిస్తే బెంగ పెరుగుతుంది. ఆ రోజున పక్క వరుసలోని బంగాళాదుంపల పులుసే నయం. కారం కావలసినవారు చిన్న సీసాలో కారప్పొడి తెచ్చుకోవచ్చు, నేను రెండేళ్ళు అలా తెచ్చుకున్నాను, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. చుట్టూ ఉన్నవారు అడిగి మరీ చల్లుకున్నారు.

మెన్సా నిర్వాహకులకు నేను రాసిచ్చిన సూచనలు రెండు. పక్క వంటల అరలోనూ పంది బొమ్మ పెట్టాలని మొదటిది. పండుగ వంట ఉన్న రోజున, అది ఆ రోజే ఎందుకు వండారో బోర్డు మీద రెండు వాక్యాలు రాయాలని రెండోది. మొదటిదాన్ని పరిశీలిస్తామని జవాబు వచ్చింది, రెండోదానికి రాలేదు. నా దృష్టిలో రెండోదే ముఖ్యం, ఎందుకంటే ఎదురుగా కూర్చున్నవారిని అడిగే చొరవ అందరికీ ఉండదు, ఆ చొరవ వచ్చేలోపు మా జట్టులో కొందరు గదిలోనే రోజూ అన్నమూ గుడ్డూ వండుకుని తింటూ రెండు శీతాకాలాలు గడిపేశారు.

దేశం విడిచి వచ్చేముందు కార్డు వాపసు ఇస్తే దానికి కట్టిన పూచీ సొమ్మూ, అందులో మిగిలిన డబ్బూ తిరిగి ఇస్తారు. నా కార్డులో ఒక భోజనానికి సరిపడా మిగిలి ఉంది, ఆ రోజు బోర్డు మీద క్వార్క్‌కొయిల్‌షెన్ ఉంది. కౌంటర్‌లోని పెద్దావిడ ఆపిల్ గుజ్జు మామూలు కంటే ఒక గరిటె ఎక్కువ వేసింది. తినేసి, ట్రేను పట్టీ మీద ఉంచి, ఆ తరువాతే కార్డు అప్పగించాను.